జీడితోటకి ఒక్కరోజు: పండు కోయడం, పచ్చి పప్పు తీయడం, వండుకోవడం

మార్చి వచ్చిందంటే చాలు, చుట్టాలూ స్నేహితులూ నన్ను అడిగేవి అవే నాలుగు ప్రశ్నలు. ఉద్దానం వెళ్తే జీడితోటలోకి రానిస్తారా? పచ్చి జీడిపప్పు చేతులు కాలకుండా ఎలా తీయాలి? పండు తింటే గొంతు ఎందుకు పట్టేస్తుంది? ఇంటికి తెచ్చిన పండ్లు తెల్లారేసరికి ఎందుకు నీరుగారిపోతున్నాయి? విడివిడిగా చెప్పి చెప్పి, ఈసారి అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని చుట్టూనే ఉంటుంది. జీడిపండుకి తొందర, జీడిపిక్కకి (పండు కొసన వేలాడే, పెంకుతో ఉన్న గింజకి) నిదానం. పండు కోసిన రోజే వాడేయాలి. పిక్క మీద మాత్రం తొందరపడి చెయ్యి వేయకూడదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. పండు రేపు చూద్దాంలే అని పక్కన పెట్టి, పిక్కని అక్కడికక్కడే రాయితో కొట్టి చూస్తారు. పండు పాడవుతుంది, చెయ్యి కాలుతుంది.

ఎప్పుడు, ఎక్కడికి

ఉద్దానం అంటే శ్రీకాకుళం జిల్లాలో పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి చుట్టుపక్కల ప్రాంతం, అంతా జీడితోటలే. శ్రీకాకుళం నుంచి పలాస సుమారు 75 కిలోమీటర్లు, హైవే మీదే వెళ్లిపోవచ్చు. రైల్లో అయితే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో ఎక్కి పలాసలో గానీ మందస రోడ్‌లో గానీ దిగి ఆటో మాట్లాడుకోండి. విజయనగరం వాళ్లకి కూడా రైలే సుఖం, తెల్లవారుజామున బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు.

పచ్చి పప్పు కోసమైతే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి దాకా వెళ్లాలి. పండు కోసమైతే ఏప్రిల్, మే మొదటి వారాలు. రెండూ కావాలంటే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్లండి, అప్పుడు ఒకే చెట్టు మీద పూతా, పచ్చి పిక్కా, పండిన పండూ అన్నీ కనిపిస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఇక్కడి తోటలు చాలావరకు నేలమట్టమయ్యాయి. ఆ తర్వాత నాటిన చెట్లున్న తోటల్లో కొమ్మలు ఇంకా కిందికే ఉంటాయి, పిల్లలకి కూడా పండు చేతికి అందుతుంది.

తీసుకెళ్లాల్సినవి

- పాత బట్టలు, పొడుగు చేతులవైతే మంచిది. జీడిపండు రసం మరక పడితే పోదు, ఏ సబ్బుకీ లొంగదు.
- బూట్లు గానీ, కాలు మొత్తం మూసే చెప్పులు గానీ
- చిన్న సీసాలో కొబ్బరినూనె, ఒక సబ్బు
- రబ్బరు చేతి తొడుగులు రెండు జతలు
- లోతు తక్కువ ఉన్న గంపలు లేదా ట్రేలు, పరవడానికి పాత చీర ముక్క
- పిక్కలకి వేరే గోనెసంచి
- దోటి (కాయలు కోసే పొడుగు కర్ర) అక్కడే ఉంటుంది, మోసుకెళ్లక్కర్లేదు
- తాగేనీళ్లు ఎక్కువగా, మజ్జిగ, చద్దన్నం లాంటిది ఏదైనా

ఇంట్లో ఎవరికైనా జీడిపప్పు పడకపోతే ఈ పని జోలికే వెళ్లొద్దు. మామిడికాయ సొనకి ఒళ్లు పొక్కేవాళ్లు కూడా పిక్కలు ముట్టుకోకండి. జీడీ మామిడీ ఒకే కుటుంబం, మామిడి సొన పడని ఒంటికి పిక్క పెంకులో ఉండే జీడి నూనె అంతకన్నా పడదు.

తోటలో

1. ముందు రైతుతో మాట్లాడుకోండి. చెప్పకుండా తోటలో అడుగు పెట్టకండి. ఇక్కడ డబ్బంతా పిక్కలోనే ఉంది, 80 కిలోల బస్తా లెక్కన అమ్ముతారు. పండుని మెలిపెట్టి పిక్క తీసుకుని, పండు చెట్టుకిందే వదిలేస్తారు. అందుకే నేను ఎప్పుడూ అడిగేది ఒకటే: "పిక్కలు మీకే కోసి ఇస్తాం, పండ్లు మేం పట్టుకెళ్తాం." ఇప్పటిదాకా కాదన్నవాళ్లు లేరు. పచ్చి పిక్కలు కావాలంటే మాత్రం డబ్బులిచ్చే కొనాలి, ఎందుకంటే లేతగా కోసిన ప్రతి పిక్కా ఆ బస్తాలో తగ్గుతుంది. ధర ముందే తెంపుకోండి.

2. బాగా తెల్లవారాకే లోపలికి వెళ్లండి, పొద్దు వాలకముందే బయటికి రండి. పిల్లల్ని భయపెట్టడానికి చెప్తున్నది కాదు. ఉద్దానం తోటల్లోకి ఎలుగుబంట్లు వస్తాయి, జీడిపండన్నా పనసపండన్నా వాటికి ప్రాణం. మనుషుల మీద పడిన సందర్భాలు ఉన్నాయి. తోట మనిషి తోడు లేకుండా లోపలికి పోవద్దు, గట్టిగా మాట్లాడుకుంటూ నడవండి. ఎండుటాకు మందంగా ఉన్నచోట ముందు కర్రతో తట్టి అప్పుడు అడుగు వేయండి, పాములుంటాయి.

3. చెట్టు ఎక్కకండి. ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని గూళ్లు కట్టుకుని ఉంటాయి. కొమ్మ కదిపితే మెడ మీదికి దిగుతాయి. కింద నుంచే దోటితో కోయండి.

4. పండు చూసి కోయండి. రంగుని నమ్మకండి, ఎర్రవీ ఉంటాయి, పసుపువీ ఉంటాయి, పచ్చిగా ఉన్నప్పుడే ఎర్రబడేవీ ఉంటాయి. చేత్తో పట్టుకుని కాస్త తిప్పితే తొడిమ నుంచి దానంతటదే ఊడి రావాలి. లాగాల్సి వస్తే అది పండలేదని అర్థం, ఇంకో రెండు రోజులు ఉండనివ్వండి. రాలిన పండ్లలో ఉదయం రాలినవి, చీలనివి, చీమ పట్టనివి మాత్రమే ఏరుకోండి.

5. పిక్కని పండు నుంచి విడదీయండి. తొడుగులు వేసుకుని, పండుని ఎడమచేతిలో పట్టుకుని పిక్కని మెల్లగా మెలితిప్పండి. కోయకండి, గోటితో పెకలించకండి. పిక్క పెంకు దెబ్బతినకుండా ఊడితే నూనె బయటికి రాదు. ఊడినచోట పండుకి చిన్న గుంట పడి రసం ఊరుతుంది, అందుకే ఆ వైపు పైకి వచ్చేలా గంపలో పెట్టాలి.

6. ఒకటే వరస. పండ్లని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. ప్లాస్టిక్ కవర్లో అసలే వద్దు, పలాస నుంచి శ్రీకాకుళం వచ్చేలోపు పులిసిన వాసన మొదలవుతుంది. గంపలో చీర ముక్క పరిచి, ఒక్క వరస పెట్టి, పైన జీడాకులు కప్పండి. మనిషికి ఇరవై పండ్లు చాలు. ఎక్కువ తెచ్చుకున్నవాళ్లంతా పారబోసినవాళ్లే.

పచ్చి పప్పు తీయడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

పిక్క పెంకు రెండు పొరలుగా ఉంటుంది. ఆ రెంటి మధ్యా తేనెపట్టు గదుల్లాంటి చోట నూనె నిండి ఉంటుంది. అదే జీడి. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి కూడా ఈ కుటుంబందే, దానిని తలుచుకుంటే ఇది ఎలాంటిదో తెలుస్తుంది. చర్మానికి తగిలితే వెంటనే ఏమీ అనిపించదు. అదే మోసం. మర్నాటికి దురద, ఎరుపు, తర్వాత పొక్కులు.

నాకు పదిహేనేళ్లప్పుడు మా చిన్నాన్నగారి తోటలో ఒట్టి చేతులతో ముప్పై పిక్కలు కోశాను. బొటనవేలూ చూపుడువేలూ మధ్య చర్మం వారం తర్వాత పాము కుబుసంలా పొరలు పొరలుగా లేచింది. ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను, రెప్ప వాచి రెండు రోజులు తెరుచుకోలేదు. ఆ రోజు తోటలో పనిచేసే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, "ఓలమ్మా, సేతికి నూనె రాసుకోకండా జీడి ముట్టుకుంతావేటి?" అని కసిరి, బూడిద తెచ్చి నా చేతుల్లో పోసింది. అప్పటి నుంచి నేను చేసే పద్ధతి ఇది.

1. లేత పిక్కలే ఎంచుకోండి. ఆకుపచ్చగా, నిండుగా, పండు ఇంకా చిన్నగా ఉన్నప్పటివి. చెట్టు మీద ముందు పిక్క పెరుగుతుంది, పండు తర్వాత ఊరుతుంది. గోరు నొక్కితే పెంకు కాస్త మెత్తగా తగలాలి (తొడుగు వేసుకునే నొక్కండి). బూడిదరంగుకి తిరిగి గట్టిపడ్డ పిక్క కత్తిపీటకి తెగదు, జారి వేలు తెగుతుంది.

2. చేతులకి, మోచేతుల దాకా కొబ్బరినూనె పట్టించండి. దాని మీద తొడుగులు. తొడుగులు లేకపోతే నూనె మీద పొయ్యి బూడిద దట్టంగా రుద్దుకోండి. పిక్కల్ని కూడా బూడిదలో ఒకసారి దొర్లిస్తే జారవు, కారిన నూనెని బూడిద పీల్చుకుంటుంది.

3. బయట కూర్చోండి. వాకిట్లోనో పెరట్లోనో, కింద పాత పేపర్లు పరిచి. పిల్లల్ని దూరంగా ఉంచండి.

4. కత్తిపీట మీద పొడుగునా రెండుగా చీల్చండి. పిక్క వంపు తిరిగి ఉంటుంది కదా, ఆ వంపు వెంటే కోయాలి. అడ్డంగా కోస్తే పప్పు నాలుగు ముక్కలై నూనెలో కలిసిపోతుంది. ముఖం దూరంగా పెట్టుకోండి, లేత పిక్క ఒక్కోసారి చిమ్ముతుంది.

5. వెదురు పుల్లతో పప్పుని పైకి లేపి తీయండి. చెంచా అయినా ఫర్వాలేదు, కానీ ఆ చెంచా మళ్లీ వంటింట్లోకి రాకూడదు. పప్పుకి పెంకు నూనె అంటినట్టు కనిపిస్తే దాన్ని పక్కన పడేయండి, ఒక పప్పు కోసం ఆశపడొద్దు.

6. మరిగిన నీళ్లలో వేసి పది నిమిషాలు మూత పెట్టండి. పప్పు మీద లేత గులాబీరంగు పొర ఉంటుంది, అది వగరు. వేడినీళ్లలో నానాక వేళ్ల మధ్య నొక్కితే పప్పు చేప పిల్లలా జారి బయటికి వస్తుంది. ఈ పని కొత్త తొడుగులతో చేయండి. తర్వాత రెండు మూడుసార్లు చల్లటి నీళ్లతో కడగండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి: పప్పు పాలలా తెల్లగా ఉండాలి, ఎక్కడా గోధుమరంగు మచ్చ ఉండకూడదు, చివరిసారి కడిగిన నీళ్లు తేటగా ఉండాలి, నీటి మీద నూనె తెట్టు తేలకూడదు. తేలితే మళ్లీ వేడినీళ్లు పోసి కడగండి. నోట్లో వేసుకుని రుచి చూడటం మాత్రం ఉడికాకే.

వంద పిక్కలు కొడితే మాకు ఒక పెద్ద గిన్నెడు పప్పు వస్తుంది. నలుగురికి ఒక పూట కూర.

నూనె ఒంటి మీద పడితే కంగారుపడి ఒట్టి నీళ్లతో రుద్దకండి, అది ఇంకా పాకుతుంది. ముందు కొబ్బరినూనె రాసి గుడ్డతో తుడిచేయండి, తర్వాత సబ్బు పెట్టి ధారగా నీళ్లతో కడగండి. కంట్లో పడితే ధారగా నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. పెదవి వాచినా, పొక్కులు పెద్దవైనా అంతే. పసుపు, సున్నం లాంటి ప్రయోగాలు వద్దు.

పచ్చి జీడిపప్పు ములక్కాడ కూర

పచ్చి పప్పు గిన్నెడు, ములక్కాడలు రెండు, ఉల్లిపాయలు రెండు, టమాటాలు రెండు, పచ్చికొబ్బరి గుప్పెడు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ధనియాలు ఒక చెంచా, కారం, పసుపు, ఉప్పు, కరివేపాకు.

1. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి కలిపి మెత్తగా నూరుకోండి. ఉద్దానం దాకా వెళ్లి కొబ్బరికాయ తెచ్చుకోకుండా వచ్చి ఉండరనుకుంటాను.
2. నూనెలో ఆవాలు, కరివేపాకు వేసి, ఉల్లిపాయ మెత్తబడేదాకా వేయించండి. టమాటా, పసుపు, ఉప్పు వేసి మగ్గనివ్వండి.
3. ములక్కాడ ముక్కలు, గ్లాసుడు నీళ్లు పోసి మూత పెట్టండి. ములక్కాడ సగం ఉడికాకే జీడిపప్పు వేయాలి. మొదటే వేస్తే పప్పు చెదిరి గుజ్జవుతుంది.
4. పది పన్నెండు నిమిషాల తర్వాత ఒక పప్పు తీసి వేళ్ల మధ్య నొక్కండి. మెత్తగా నలగాలి, కానీ పిండి కాకూడదు. అప్పుడు కారం, నూరిన కొబ్బరి వేసి మరో ఐదు నిమిషాలు ఉంచి దించేయండి.

గరంమసాలా వేయకండి. ఎండు జీడిపప్పుకి లేని పాల రుచి ఈ పచ్చి పప్పుకి ఉంటుంది, మసాలా వేస్తే అది కాస్తా పోతుంది. ములక్కాడ దొరక్కపోతే లేత వంకాయ, అదీ లేకపోతే ఉడికించిన కోడిగుడ్లు వేసుకోవచ్చు.

పండుతో ఏం చేయాలి

గొంతు పట్టేయడానికి కారణం పండులోని వగరు. అది నీళ్లలో ఉప్పు ఉంటే చాలావరకు దిగుతుంది, గంజి కలిస్తే అడుగుకి చేరుతుంది. ఈ రెండు ఉపాయాలు తెలిస్తే చాలు. ఇనుప కత్తి, ఇనుప మూకుడు మాత్రం వాడకండి, ఆ వగరు ఇనుముతో కలిసి పండు నల్లబడుతుంది. స్టీలువి వాడండి.

ఉప్పు ముక్కలు. ఇంటికి రాగానే చేయగలిగేది ఇదే. పండ్లు కడిగి రెండు చివర్లూ అర అంగుళం కోసి పారేయండి, వగరు అక్కడే ఎక్కువ. చక్రాలుగా తరిగి ఉప్పునీళ్లలో ఇరవై నిమిషాలు వేసి, వార్చి, కారం చల్లుకుని తినండి.

రసం. పన్నెండు పండ్లకి సుమారు అర లీటరు దాకా వస్తుంది. ముక్కలు చేసి, పిసికి, పల్చటి గుడ్డలో పిండండి. మిక్సీలో వేయకండి, పీచు నలిగి వగరు ఇంకా దిగుతుంది. అన్నం వార్చిన చిక్కటి గంజి చల్లార్చి, లీటరు రసానికి అరగ్లాసు పైన పోసి బాగా కలిపి ఫ్రిజ్‌లో రాత్రంతా కదపకుండా ఉంచండి. గంజి లేకపోతే ఒక చెంచా సగ్గుబియ్యం పొడి కాసిని నీళ్లలో ఉడికించి వాడొచ్చు. తెల్లారేసరికి అడుగున తెల్లటి మడ్డి చేరి పైన తేటగా లేతపసుపు రసం నిలుస్తుంది. ఆ తేటని మాత్రమే మెల్లగా వంపుకోండి. ఒక చెంచా నాలుక మీద వేసుకుని చూడండి, నాలుక పట్టేసినట్టు ఉంటే ఇంకాస్త గంజి పోసి మరో రెండు మూడు గంటలు ఉంచండి. తర్వాత బెల్లమో పంచదారో, చిటికెడు ఉప్పు, నిమ్మరసం. ఆ రోజే తాగేయాలి. నురగ వస్తున్నా, కల్లు వాసన వస్తున్నా పారబోయండి, పిల్లలకి అస్సలు ఇవ్వొద్దు.

బెల్లం పులుసు. లీటరు నీళ్లలో 20 గ్రాముల ఉప్పు వేసి మరిగించి, పండు ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచి వార్చేయండి. ఆ నీళ్లు పారబోయాలి, పులుసులో కలపకూడదు. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, రుచి పోతుందని దాచి మళ్లీ పోస్తారు, వగరంతా తిరిగి వచ్చేస్తుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ పోపు పెట్టి, ముక్కలు, కొద్దిగా చింతపండు పులుసు, బెల్లం, కారం వేసి దగ్గరపడేదాకా ఉడికించండి. ఉప్పు చివర్లో రుచి చూశాకే, ముక్కలు ముందే పీల్చుకుని ఉంటాయి. వేడన్నంలో బావుంటుంది, మర్నాటికి ఇంకా బావుంటుంది.

ముదురు పిక్కలు వస్తే

రైతు ప్రేమతో ఓ సంచెడు ఎండు పిక్కలు చేతిలో పెట్టాడనుకోండి. రెండు మూడు రోజులు ఎండబెట్టండి. ఊపితే లోపల పప్పు గలగలమంటే ఎండినట్టు. ఆ తర్వాత ఏం చేయాలి అంటే, నా సలహా పలాసలో ఎవరికైనా ఇచ్చి పప్పు మార్చుకోండి. అక్కడి ఫ్యాక్టరీల్లో బాయిలర్ ఆవిరిలో ఉడికించి, ఆరాక కటింగ్ చేస్తారు, నూనె చిమ్మదు. మన పెద్దవాళ్లు తోటలోనే చిల్లుల మూకుడులో కాల్చేవారు. నూనె అంటుకుని మంట ఎగసేది, ఇసుక చల్లి ఆర్పేవారు. తెలిసినవాళ్లు పక్కన ఉండి, ఆరుబయట, గాలి మనవైపు కొట్టని చోట అయితే సరే. అపార్ట్‌మెంట్ బాల్కనీలోనో వంటింటి గ్యాస్ మీదో కాల్చకండి. ఆ పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది, మూసిన గదిలో అయితే ఊపిరాడదు. ఓవెన్‌లో పెట్టినా అదే పొగ.

చివరిగా పెంకుల సంగతి. కోసిన పేపర్లతో సహా చుట్టేసి, వీలైతే గుంట తీసి పూడ్చండి. పొయ్యిలో వేయకండి, ఆవులు తినేచోట పారేయకండి. కత్తిపీటకి ముందు కొబ్బరినూనె రాసి పేపరుతో తుడిచి, ఆ తర్వాతే సబ్బుతో తోమండి. తోమిన పీచు కూడా ఆ పేపర్లతోనే పోవాలి.